చూసిన కాగితం కిందికి

మొదటి రోజు

పౌర సమాచార సేవకుడు, నాలుగో తరగతి, బమ్మిడి తేజేశ్వరరావు అను నేను, ప్రభుత్వ పత్రాన్వేషణలో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని, రెండేళ్ళు ఖాళీగా తిరిగి, ఆఖరికి ఆరో మెట్ట మీద ఒక రేకుల గదికీ, ఒక పలకకూ, చెయ్యి విరిగిన ఒక కుర్చీకీ అధిపతినయ్యాను. రోజూ దినచర్య రాయడం నా విధి. ఇన్నాళ్ళూ "విశేషాలు లేవు" అని రాసి సంతకం గీసి నా ధర్మం నెరవేర్చాను. ఈ రోజు ఆ అదృష్టం లేదు.

పొద్దున్న గొట్టం నీళ్ళు మామూలుగానే గంటసేపు వచ్చాయి. మా వరసకి పంతొమ్మిది ఇళ్ళు, ఒకటే కుళాయి. నా బిందె పట్టుకుని, నిచ్చెనెక్కి సోలారు రేకుల మీద ఉప్పు తుడుస్తుంటే కింద సూర్నాయుడు మావ వచ్చి నిలబడ్డాడు. మెట్టకి పెద్ద. నాకు ఏ వరసన మావో తెలీదు. సముద్రం మీదికొచ్చాక నాలుగూళ్ళ జనం కలిసి ఈ మెట్ట ఎక్కారు. అప్పట్నుంచీ ఇక్కడ యాభై దాటిన మగాళ్ళందరూ మావలే.

"తేజా, ఇదేటో సూడు. ఎర్ర అంచుంది. ఎర్ర అంచుంటే మంచి కబురు కాదు కదేటి?"

కాదు. జలశాఖ నోటీసు. ఆరో మెట్టకు తోటవాగు నీటి గొట్టము ఏ ఉత్తర్వు ద్వారా సంక్రమించినదో నేటికి ఇరవై ఒకటవ రోజున విచారణాధికారి ఎదుట చూపవలెను. చూపనిచో సదరు నీరు భాండార యంత్రశాలలను చల్లార్చుటకు మళ్ళించబడును.

భాండారం అంటే ప్రభుత్వం పుట్టించిన ప్రతి కాగితం ఉండే చోటు. దాని యంత్రాలు మెట్ట కిందే, పొడవాటి తెల్ల షెడ్లలో ఉంటాయి. మా నీళ్ళు మావేనని చెప్పే కాగితాన్ని దాచి ఉంచడానికి వాళ్ళకి మా నీళ్ళు కావాలి. చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకిందులో తర్కం కనబడింది. మావకి కనబడలేదు.

"మన కాగితం ఉందా లేదా, అది సెప్పు."

"ఉంది మావా. అందరికీ అందుబాటులో ఉంది. అదే భయం."

భాండారంతో కలిపి ఉన్న నా తెర పలక తెరిచి అడిగాను. జవాబు మర్యాదగా వచ్చింది: మీరు కోరిన పత్రం లభ్యము. ఆరో మెట్టకు సంబంధించిన మొత్తం పత్రాలు 41,306. మీ పత్రం వరుస సంఖ్య 41,306.

భాండారానికి ఒకటే సూత్రం. చూసిన కాగితం కిందికి, చూడని కాగితం పైకి. కష్టపడి పనిచేసే గుమాస్తా బల్ల ఎలా ఉంటుందో అలాగే కట్టారు దాన్ని. చదివేసింది అడుక్కి పోతుంది, చదవంది చేతికందుతుంది. ఒకే కాగితాన్ని రెండోసారి చూడాలని ఎవరికైనా అనిపిస్తుందన్న ఊహ ఆ మహానుభావులకి తట్టలేదు. తెర మీద కనబడేవి మొదటి వందే. మిగతావి ఉన్నాయని చెబుతుంది, అంతే.

"ఎవుడు సూసీనాడు మన కాగితాన్ని, ఏకంగా అడుక్కెల్లిపోడానికి?"

అదీ ఉంది. ఆఖరుగా చూసినవారు: జలశాఖ, పన్నెండు రోజుల క్రితం.

మావ కాసేపు నోటీసు కేసీ, కాసేపు నా కేసీ చూశాడు. "ఆల్లే సూసి, ఆల్లే కిందికి తోసీసి, మనల్ని సూపించమంటన్నారా?"

"అవును మావా."

"నువ్వు సదివిన సదువు ఇదేనేటి?"

"ఇదే మావా."

రెండో రోజు

మెట్ట బళ్ళో సభ. జనం కూర్చున్నారు, నేను నిలబడ్డాను.

నకలు తీసి పట్టుకెళ్తే చెల్లదా అని అడిగారు. చెల్లదు. ఏ కాగితాన్నయినా అచ్చు గుద్దినట్టు పుట్టించే యంత్రాలు వచ్చాక నకళ్ళకి విలువ పోయింది. విచారణ గదిలో, అధికారి తెర మీద, అధికారి వేలితో, మొదటి వందలోంచి తెరిస్తేనే అది కాగితం. అంతకుముందు అది వదంతి.

కాబట్టి దారి ఒకటే. పైనున్న నలభై ఒక్క వేల కాగితాలూ మనమే తెరిచి, చదివి, కిందికి పంపాలి. అప్పుడు మనది పైకి తేలుతుంది. మెట్ట మీద రెండు వందల పద్నాలుగు పలకలున్నాయి. పలకకి రోజుకి పదమూడు.

"ఉత్తినే నొక్కీస్తే అవదేటి?" వెనకనుంచి ఒక పిన్ని.

"అవదు పిన్నీ. ఆఖరి పేజీ దాకా తొయ్యాలి. పేజీకి అయిదు సెకన్లయినా ఆగాలి. అక్కడ 'చదివితిని' అని ఉంటుంది. దాని మీద వేలెట్టాలి. చదవడం రానోళ్ళకి పలకే పైకి చదివి పెడుతుంది."

"పైదాన్నే తెరవాలా? సిన్నవి ఏరుకోకూడదా?"

"పైదే. ఏరుకోవడాల్లేవు. మనం అడిగిన కాగితం ఒక్కటే, మొదటి వందలోకొస్తే, నేరుగా తెరుచుకుంటుంది."

మొదటి కాగితం దాలమ్మ చేత తెరిపించారు. మెట్ట అంతటికీ ఆవిడ అప్ప, అంటే అక్క; దాలప్ప అంటారు. డెబ్బైకి దగ్గరపడింది. ఆవిడ హస్తవాసి గొప్పదని ఇక్కడ అందరి నమ్మకం. కొత్త వల ముడి, కొత్త కుళాయి, పసిపిల్లలకి మొదటి ముద్ద, ఏదైనా ఆవిడ చెయ్యి పడ్డాకే. ఎం.ఏ. చదివిన నేను కూడా ఈ ఉద్యోగంలో చేరిన రోజు నా కుర్చీని ఆవిడ చేత ముట్టించాను. చెయ్యి అంతకుముందే విరిగి ఉంది, కాబట్టి ఆవిడ తప్పు లేదు.

మొదటి కాగితం: కుట్టు పిన్నుల యంత్రం ఒకటి ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పోయి తిరిగి రానందుకు సంజాయిషీ. నలభై ఆరు పేజీలు. అప్ప చివరిదాకా విన్నది. "పాపం, దొరికిందేటి ఆల్లకి?" అని అడిగింది.

దొరకలేదు.

అయిదో రోజు

వరుస సంఖ్య 30,480. అనుకున్న దానికంటే ఒక పిసరు వెనకే ఉన్నాం. కళ్ళు మండుతున్నాయి.

మెట్ట మీద మాటలు మారిపోయాయి. ఇదివరకు కుళాయి దగ్గర కోడళ్ళ మీద చెప్పుకునేవారు. ఇప్పుడు ఉపసంఘాల మీద చెప్పుకుంటున్నారు.

"నాకు పొద్దున్నే గారె సైజు మీద కమిటీ వొచ్చింది. పదకొండు మంది మెంబర్లు. ఎంత ఉండాలో తేల్లేదు."

"గారెలైనా నయం. మాయాయనకి బదిలీ ఉత్తరువు వొచ్చింది. బదిలీ అయినాయన అప్పటికి సచ్చిపోయి నాలుగేళ్ళు."

"మరి ఎల్లినాడా?"

ఇవన్నీ ఆరో మెట్ట పేరు కింద ఎందుకున్నాయంటే, ప్రతి కాగితం అడుగునా "ప్రతులు: అన్ని మెట్టలకు" అని ఉంటుంది. మాకు ఇన్ని ప్రతులు పంపారని మాకు ఈ వారమే తెలిసింది.

నా వంతుకి పదమూడు చదివాక, జ్వరాలొచ్చిన ఇళ్ళ వంతు కూడా నేనే చదువుతున్నాను. ఈ రోజు ముప్ఫై ఒకటి. నా గుండె నిబ్బరాన్ని నేనే మెచ్చుకుని పడుకుంటున్నాను.

ఎనిమిదో రోజు

గొట్టం నలభై నిమిషాలే వచ్చింది.

కారణం కనుక్కోడానికి పట్టా అక్కర్లేదు. కాగితం తెరిచినప్పుడల్లా కింద యంత్రం వేడెక్కుతుంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఏదీ తెరవక అవి చల్లగా నిద్రపోయేవి. ఇప్పుడు రోజుకి రెండువేల ఏడొందల కాగితాలు తెరుస్తున్నాం, కాబట్టి అవి దాహమేసి మా గొట్టంలోంచే తాగుతున్నాయి. నీళ్ళ కోసం చదువుతున్నాం, చదివే కొద్దీ నీళ్ళు తగ్గుతున్నాయి.

మావకి చెప్పాను. చుట్ట తీసి, వెలిగించకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆపీమంటావా?"

"ఆపితే ఇరవై ఒకటో రోజుకి మొత్తం పోతాయి."

"మరి నాకెందుకు సెప్పినావు, ఏటీ సెయ్యలేనప్పుడు?"

"నేనొక్కణ్ణీ తెలుసుకుని ఉండలేక మావా."

తొమ్మిదో రోజు

ఈ రోజు నవ్వు రాలేదు. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

పదకొండు గంటలకి దాలప్ప తన పలక పట్టుకుని నా గదికొచ్చింది. "బాబూ, ఇది మల్లీ ఓ పాలి సదివించు. నానే తప్పుగా ఇన్నానేమో" అంది.

ఒకే పేజీ. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటిది. కెరటాలు కట్ట దాటు సూచనలు ఉన్నందున కింది నాలుగు గ్రామాల జనాన్ని మూడు రోజుల్లోగా ఆరో మెట్ట ఎక్కించవలెను. అత్యవసరం. తేదీ చూశాను. ఉప్పెనకి సరిగ్గా మూడు రోజుల ముందు. కింద గడిలో ఉంది: ఇంతవరకు చూసినవారు, ఎవరూ లేరు.

నేను పైకి చదివాను. అప్ప నిలబడే విన్నది. ఆవిడ మొగుడూ, ఇద్దరు కొడుకులూ ఆ నీళ్ళలోనే పోయారు. అది మెట్ట మీద అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

"ఎవలూ సూడలేదా?"

"లేదప్పా."

"కాగితం మాత్రం రాసీనారు."

"రాశారు."

ఆవిడ కూర్చుంది. కాసేపటికి తనే వేలు చాచి 'చదివితిని' మీద పెట్టింది. కాగితం కిందికి పోయింది, దాని స్థానంలో పాయిఖానాల సున్నం టెండరు వచ్చింది. అప్ప దాన్ని కూడా మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా విని గానీ లేవలేదు.

పదమూడో రోజు

విశేషాలు లేవు. గొట్టం ముప్ఫై నిమిషాలు. వరుస సంఖ్య 8,214.

పదహారో రోజు

మధ్యాహ్నం మూడున్నరకి వరుస సంఖ్య 97.

తెర మీద, అడుగు నుంచి నాలుగోది: ఆరో మెట్ట పునరావాసము, తోటవాగు నీటి శాశ్వత కేటాయింపు. ఆ ఒక్క పంక్తిని జనం నా గది కిటికీలోంచి వంతులవారీగా వచ్చి చూసి వెళ్ళారు. ఒకాయన చెప్పులు విప్పి వచ్చాడు.

బళ్ళో నిలబడి మూడుసార్లు చెప్పాను. పలకలన్నీ మూసేయండి. ఇంక అయిదు రోజులు ఎవరూ ఏదీ తెరవద్దు. మన కాగితాన్ని అసలు చదవద్దు. ఎవరు చదివినా అడుక్కి పోతుంది. చదవాల్సింది కింద ఉన్న అధికారి ఒక్కడే.

"సదవం, సదవం" అన్నారందరూ. ఇన్ని రోజుల తర్వాత ఆ ఆజ్ఞని ఎవరు కాదంటారు.

పదిహేడో రోజు

నేను పళ్ళు తోముకుంటున్నాను. అర గ్లాసు నీళ్ళతో పళ్ళు తోముకోవడం ఒక విద్య, పరధ్యానం పనికిరాదు. ఆ ధ్యానంలో ఉండగా నా గదిలో గంట మోగింది.

వెళ్ళేసరికి నా బల్ల మీద పలకకి పసుపు రాసి ఉంది. పక్కన కొట్టిన కొబ్బరికాయ. పాతికమంది ఉన్నారు. మధ్యలో దాలప్ప, చేతులు జోడించుకుని. పలక మీద "చదివితిని" ఇంకా మెరుస్తోంది.

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పారు. అయిదు రోజులు కాగితానికి ఏ గండమూ రాకూడదని పూజ తలపెట్టారు. పూజన్నాక అప్ప చెయ్యి పడాలి. సూర్నాయుడు మావే పిలిచి, "అప్పా, ఓ పాలి సెయ్యెట్టు" అన్నాడు. చదవమనలేదు, ముట్టుకోమన్నాడు. ముట్టుకుంటే తెరుచుకుంది. తెరుచుకుందని ఎవరికైనా తెలిసేలోపు అప్ప ఒక్కొక్క పేజీ తోసుకుంటూ, పలక చదువుతుంటే వింటూ, చివరిదాకా వెళ్ళిపోయింది. పాతికమందీ కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారు, మంత్రం అనుకుని.

వరుస సంఖ్య 41,306.

ముందు ఎవరో ఏడ్చారు. తర్వాత ఎవరో తిట్టారు. ఆ తర్వాత అందరూ.

"హస్తవాసంట హస్తవాసి! ఊరి నోట్లో మట్టి కొట్టీసింది!"

"ఆవిడ పలక లాగీండి ముందు!"

లాగేశారు. అప్ప చేతులు కొంగులో చుట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. చెయ్యెట్టమన్నది ఎవరో ఒక్కరికీ గుర్తు రాలేదు. మావ నేల చూపులు చూశాడు. ముట్టుకోవద్దని నేనూ చెప్పలేదు, చదవద్దనే చెప్పాను. ఆ మాట నేనూ పైకి అనలేదు. దినచర్యలో రాయడం సులువు.

సాయంత్రానికి కోపం చల్లారి లెక్క మొదలైంది. నాలుగు రోజులున్నాయి. మనకున్న పలకలు చాలవు. అయిదో మెట్ట వాళ్ళకి రెండు వందల అరవై ఉన్నాయి. కలిస్తే పలకకి రోజుకి ఇరవై రెండు. అయితే ఒక మేక విషయంలో వాళ్ళకీ మాకూ పదేళ్ళుగా మాటల్లేవు.

మావ ఒక్కడే కర్ర పట్టుకుని వెళ్ళాడు. పొద్దు గూకే వేళకి తిరిగొచ్చాడు.

"ఒప్పుకున్నారా మావా?"

"రేపు మన నీల్లు పోతే ఎల్లుండి మీవి పోతాయని సెప్పినాను. ఇన్నారు కాదు. ఆ మేక మీదేనని ఒప్పీసుకున్నాను. అప్పుడిన్నారు."

పదేళ్ళ మేకని అరగంటలో వదులుకున్నవాడు, నాలుగు గడపల అవతలికెళ్ళి ఒక్క మాట చెప్పలేకపోయాడు. పేరు పెట్టను గానీ, నాకూ అదే జబ్బు.

పంతొమ్మిదో రోజు

గొట్టం రాలేదు. పన్నెండు నిమిషాలు గాలి వచ్చింది.

జనం మాట్లాడుకోవడం మానేశారు. గారెల కమిటీ రెండోసారి వచ్చినా ఎవరూ నవ్వలేదు. అంట్లు బూడిదతో తోముతున్నారు. తాగడానికి నిన్నటివి ఉన్నాయి, మనిషికి మూడు గ్లాసుల లెక్కన. పిల్లలకి నాలుగు.

దాలప్ప ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలీదు. చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి.

"అన్నం తిన్నావా అప్పా?"

"నువ్వు కాగితాలు సదువుకో ఎల్లు, నా దగ్గిర కూకుంటే ఎన్ని ఎనకపడతావో."

"ముట్టుకుని వదిలేసి ఉంటే బాగుండేదప్పా. సగంలో మూసేస్తే కిందికి పోదు."

అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆవిడకి కోపం రాలేదు.

"నాకు తెల్దేటి బాబూ? నువ్వు మూడుసార్లు సెప్పినావు, మూడుసార్లూ ఇన్నాను. కానీ అది నా సేతిలో ఇప్పుకుంది. ఒకపాలి ఎవలూ ఇప్పకుండా ఒగ్గీసిన కాగితం మా ఇంట్లో ముగ్గుర్ని తీసుకుపోనాది. ఇంకోటి నా సేతికొచ్చి ఇప్పుకుంటే, సదవకుండా ఎలాగ ఒగ్గీమంటావు? నా వల్ల అవలేదు."

నా గ్లాసు నీళ్ళు ఆవిడ అరుగు మీద పెట్టి వచ్చాను.

ఇరవై ఒకటో రోజు

విచారణ గది మెట్ట కింద, యంత్రశాలల పక్కనే. గోడ ముట్టుకుంటే కాలుతోంది. అధికారి కూర్మనాథం గారు సన్నటి మనిషి, కళ్ళజోడుకి ఒక కాడకి దారం కట్టుకున్నారు. రోజుకి పద్నాలుగు విచారణలు ముగిస్తారని పేరు. మాది పద్నాలుగోది. నాలుగింటికి పిలిచారు.

"ఉత్తర్వు చూపండి."

"లభ్యమండి. వరుస సంఖ్య నూట అరవై రెండు."

"మొదటి వందలో లేనిది నేను చూడలేను."

"వస్తోందండి."

"వస్తోందంటే?"

"పైన తవ్వుతున్నారండి. రెండు మెట్టల జనం."

ఆయన తన తెర నా వైపు కొద్దిగా తిప్పారు. నూట యాభై. నూట ముప్ఫై ఎనిమిది. నూట పంతొమ్మిది. అంకె తగ్గడాన్ని ఇద్దరం క్రికెట్ స్కోరులా చూస్తున్నాం. నూట నాలుగు. నూట ఒకటి.

ఆగిపోయింది.

పైనుంచి మావ ఫోను. "పలకలు సచ్చిపోనాయి తేజా. మూడ్రోజుల్నుంచి మబ్బు, ఛార్జీ లేదు. ఒక్కటీ ఎలగట్లేదు. ఎంతకొచ్చింది?"

"నూట ఒకటి మావా."



గదిలో పలక తెరిచే అనుమతి పౌర సమాచార సేవకుడికి ఒక్కడికే ఉంది. నా పలకలో తొమ్మిది శాతం ఛార్జీ ఉంది. ఒక్క కాగితం చాలు. పైనున్నదాన్ని తెరిచాను. యంత్రశాలల ఆవరణలో గడ్డి కోయుట గురించి సమగ్ర నివేదిక, అనుబంధాలతో. మూడు వందల పన్నెండు పేజీలు. పేజీకి అయిదు సెకన్లు. అప్పుడు సమయం నాలుగూ నలభై రెండు. ఎలా గుణించినా అయిదు దాటుతుంది.

తోస్తున్నాను. గడ్డి రకాలు. గడ్డి ఎత్తు. గడ్డి కోసేవాళ్ళ టోపీల రంగు.

నాలుగూ యాభై ఎనిమిదికి కూర్మనాథం గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధన చెబుతున్నాను. అయిదింటికి నేను ఈ రోజు కార్యక్రమ వివరం పైకి చదవాలి. చదవడం పూర్తి కాగానే విచారణ ముగిసినట్టే. ఆ తర్వాత ఏదీ నమోదు కాదు."

"తెలుసండి." పేజీ నూట తొంభై.

ఆయన నా బొటనవేలి కేసి చూశారు. వాచి, నేరేడు పండులా ఉంది. ఆ వివరం చదవడం అర నిమిషం పనని బయట బంట్రోతు అంతకుముందే చెప్పాడు. గొణిగేసి లేచిపోతారట.

అయిదు కొట్టింది. ఆయన లేచి నిలబడి చదవడం మొదలుపెట్టారు.

"ఈ దినము. కామా. జలవిచారణ గది యందు. కామా. మొదటి విచారణ."

అక్కడ ఆగి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచారు. తర్వాత రెండో అద్దం. దారం ముడి ఊడితే మళ్ళీ కట్టుకున్నారు. రెండో విచారణ చదివారు. మూడోదానికి గుక్కెడు నీళ్ళు తాగారు. బంట్రోతు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అయ్యగారూ, ఆలస్యం..." అన్నాడు.

"ఎనిమిదో విచారణలో ఒక అక్షరం తప్పుగా పలికాను," అన్నారాయన. "తిరిగి మొదటి నుంచి చదువుతాను. ఇది ప్రభుత్వ కార్యక్రమం."

పలకలో రెండు శాతం. పేజీ రెండు వందల తొంభై. ఆయన పద్నాలుగో విచారణకి వచ్చారు. నా పేరు కూడా చదివారు. బమ్మిడి, కామా, తేజేశ్వరరావు. నా పేరులో కామా ఉందని నాకు ఇరవై ఆరేళ్ళుగా తెలీదు.

'చదివితిని.' నా పలక చచ్చిపోయింది.

ఆయన తెర మీద: వంద.

చదువుతున్న వాక్యం మధ్యలోనే ఆపి కూర్చున్నారు. మా కాగితం తెరిచారు. తొమ్మిది పేజీలు. ఏ పేజీ కూడా తొందరగా తోయలేదు. ఆఖర్న వేలు పెట్టి, నోటీసు మీద రాసి, పైకి అన్నారు: "ఉత్తర్వు చూడబడినది. నీరు మెట్టదే. నోటీసు రద్దు."

బయటికొచ్చేముందు ఉండబట్టలేక అడిగాను. "జలశాఖ వారు ఇది చూసే నోటీసు ఇచ్చారండి. తెలిసీ ఎందుకండీ మళ్ళీ?"

"చూడకుండా నోటీసు ఎలా ఇస్తారయ్యా?" అన్నారు కూర్మనాథం గారు. నవ్వారో లేదో, కళ్ళజోడు అడ్డం వచ్చింది.

ఇరవై రెండో రోజు

మెలకువ నేననుకున్నట్టు ఊరి తప్పట్లకి కాదు, బిందె చప్పుడుకి వచ్చింది. తెల్లవారుతోంది. గొట్టం వచ్చింది, పూర్తి జోరుతో. యంత్రశాలలు మళ్ళీ నిద్రపోయినట్టున్నాయి.

మెట్ట కూడా నిద్రపోతోంది. నాలుగు రోజులు కళ్ళు మూయని జనం, కబురు విన్నాక ఎక్కడివాళ్ళక్కడ పడిపోయారు. మా వరసలో ఒక్క తలుపూ తీయలేదు. మిగతా వరసల సంగతి నాకు తెలీదు. అరుగులనిండా ఖాళీ బిందెలు, కుళాయి దగ్గర దాలప్ప.

ఒక్కొక్క గడప దగ్గరికీ వెళ్ళి బిందె తెస్తోంది. కుళాయి కింద పెట్టి, నిండాక చంకనెత్తుకుని, మళ్ళీ అదే గడప ముందు పెట్టి మూత వేస్తోంది. ఎవరినీ లేపడం లేదు. లేచి సాయం చేద్దామనుకున్నాను. అనుకుంటూనే నిద్రపోయాను. అది నా పట్టాలో రాసి లేదు గానీ, నేను అలాంటివాణ్ణే.

మళ్ళీ లేచేసరికి గొట్టం ఆగిపోయి ఉంది. పద్దెనిమిది గడపల ముందు పద్దెనిమిది నిండు బిందెలు. అప్ప ఇల్లు వరస చివరిది. అక్కడ బిందె బోర్లించి ఉంది.

సూర్నాయుడు మావ తలుపు తీశాడు. తన బిందె చూశాడు. వరసంతా చూశాడు, చివరిదాకా. బిందె భుజానికెత్తుకుని, చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి, ఆవిడ అరుగు ముందు నిలబడ్డాడు. చప్పుడుకి నాలుగైదు తలుపులు తెరుచుకున్నాయి. మావ అందరికీ వినబడేలా అన్నాడు.

"అప్పా. ఆ రోజు సెయ్యెట్టమన్నది నానే."

దాలప్ప లోపల్నుంచి వచ్చింది. చేతులు కొంగులో లేవు, తడిగా ఉన్నాయి.

"తెలుసురా నాయుడూ," అంది. "బిందె అక్కడెట్టి, ఎల్లి పడుకో."